కొందరు చరిత్రకారుల అభిప్రాయం

రైలు ఆగే ఉంది, కిటికీ బయట పొలాలు మాత్రం మెల్లగా వెనక్కి పోతున్నాయి, హైమ నా ఎదురు సీట్లో కూర్చుని పార్సిళ్ళు కుట్టే పురికొసను చూపుడువేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ఆ పొలాల వంకే చూస్తోంది. రైలు వెళ్ళే వైపుకు ముఖం పెట్టి కూర్చోకపోతే ఆమెకు తల తిరుగుతుంది, అందుకని ఎప్పుడూ ఆ వైపు సీటు ఆమెదే, కానీ ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని ఉన్నా మా ఇద్దరి ముఖాలూ రైలు వెళ్ళే వైపే ఉన్నాయి, అదెలా కుదిరిందో నేను ఆలోచించడం లేదు. ఇది రేపల్లె నుంచి గుంటూరు పోయే పాసింజరు, ఆదివారాలు యూనివర్సిటీలో క్లాసులకు మేమిద్దరం ఎక్కే పెట్టె. పైన సామాన్ల అరలో ఆమె నల్ల బ్యాగు ఉంది. దాని తెగిన పట్టీ కిందికి వేలాడుతూ, ఆగి ఉన్న రైల్లో అదొక్కటే ఊగుతోంది.

ఆమె ఇక లేదన్న సంగతి నాకు తెలుసు. వానాకాలంలో వచ్చిన జ్వరం, తెనాలి ఆసుపత్రి మెట్లు, సెలైను సీసా కింద ఆమె చల్లబడిన చెయ్యి, అన్నీ తెలుసు. ఆమెకు తెలుసో లేదో మాత్రం తెలియదు, అందుకే ఆమెతో మాట్లాడేటప్పుడు జరిగిపోయినవాటిని గురించి చెప్పే మాటలేవీ నా నోట రాకుండా చూసుకుంటున్నాను. చరిత్ర పాఠాలు చెప్పే మనిషికి అది తేలికైన పని కాదు.

"హాల్ టికెట్టు ఏదండీ?" అంటుంది.

చొక్కా జేబులో చెయ్యి పెట్టి తీస్తే సుద్దముక్క వస్తుంది. అదే ఆమె చేతిలో పెడతాను. దాన్ని వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఫొటోలో మరీ పంతుల్లాగా పడ్డారు" అని తిరిగి ఇచ్చేస్తుంది.

తెల్లవారితే గుంటూరులో పరీక్ష. ఎమ్మే రెండో సంవత్సరం, ఆంధ్రదేశ చరిత్ర. నేను వెళ్ళకూడదని అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు, పొద్దున్నే లేచి మా అమ్మాయి చిన్మయితో నెమ్మదిగా చెబుదామనుకున్నాను, ఈ ఏడాదికి వద్దులే అమ్మా, నాకేమీ గుర్తుండడం లేదు అని. ఆ మాట ఇప్పుడు హైమతో ఎలా చెప్పాలా అని కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుంటాను. చువ్వ గోరువెచ్చగా ఉంది, ఆమె కాసేపటి క్రితం దాకా పట్టుకుని వదిలినట్టు.

చదువుదామన్నది ఆమే. పెళ్ళి నాటికి ఆమె డిగ్రీ మధ్యలో ఉంది, చిన్మయి నడక నేర్చాక దాన్ని పూర్తి చేసింది, పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగం వచ్చింది, ఒకరోజు సాయంత్రం నేను బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే దూరవిద్య దరఖాస్తులు బల్ల మీద పెట్టి సంతకం చెయ్యమంది. రెండు ఉన్నాయేంటని అడిగాను. ఒక్కళ్ళమే చదివితే రెండోవాళ్ళు ఇంటి పని గురించి సణుగుతారు, ఇద్దరం చదివితే సణిగే తీరిక ఎవరికీ ఉండదు అంది. స్టాఫ్ రూములో తెలుగు మాస్టారు, నెత్తిన తెల్లవెంట్రుకలు వచ్చాక ఎమ్మే ఎందుకండీ, హెడ్‌మాస్టరు కుర్చీకి ఎసరు పెడుతున్నారా అని నవ్వారు. ఆ మాట ఇంట్లో చెబితే, ఎసరు ఎవరు పెట్టినా బియ్యం కడగాల్సింది మీరే, ఇవ్వాళ వంట మీ వంతు అంది హైమ.

మొదటి సంవత్సరం పుస్తకం ఒక్కటే దొరికింది. అందరూ చదవమనే ఆ లావుపాటి పుస్తకం అచ్చులో లేదు, గుంటూరులో పాత పుస్తకాల కొట్టువాడు అటక ఎక్కి ఒక్క ప్రతి తెచ్చిచ్చాడు. నేను బస్సులో బడికి వెళ్ళేటప్పుడు అది నాకు కావాలి, అదే సమయానికి రైల్లో పోస్టాఫీసుకు వెళ్ళే ఆమెకూ కావాలి. వారం రోజులు వాదించుకున్నాక ఆమె పార్సిళ్ళు కోసే బ్లేడు తెచ్చింది. పుస్తకానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే మనుషులం, బ్లేడు పెట్టడమేంటని నేను వెనకాడాను. ఆమె పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, నా కళ్ళకు కూడా అద్ది, నడి వీపున బ్లేడు పెట్టి దిగలాగింది. మొదటి సగం ఆమెది, రెండో సగం నాది. ఒకళ్ళ సగం ఒకళ్ళు ముట్టుకోకూడదని నియమం పెట్టింది, తొంగి చూస్తే చెప్పుకోవడంలో రుచి ఉండదట. ఎవరి సగం వాళ్ళు చదివి, వంటింట్లో పని చేసుకుంటూ రెండోవాళ్ళకు కథలాగా చెప్పాలి. అంతా చెప్పుకున్నాక, పరీక్షలు అయ్యాక, రెండు సగాలనూ కలిపి దబ్బనంతో పురికొస పోసి ఆమె కుడుతుంది. మొదటి సంవత్సరం పుస్తకం అలా కుట్టుపడి అలమారలో నిలబడి ఉంది. రెండో సంవత్సరం పుస్తకాన్నీ అలాగే కోశాం, అది ఇంకా రెండు ముక్కలుగానే ఉంది. ఈసారి చెప్పుకోవడం దసరా సెలవుల్లో మొదలుపెడదామనుకున్నాం.

ఆ బ్లేడు రెండో ఏడు పుస్తకంలో ఒక వాక్యం మధ్యలో దిగింది. రుద్రమదేవి పాఠం నడుస్తుండగా ఆమె సగం ఆఖరి పుట అయిపోతుంది, నా సగం మొదటి పుట "అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం" అంటూ మొదలవుతుంది. ఏమని వాళ్ళ అభిప్రాయమో నాకు తెలియదు. అడిగితే ఆమె చెప్పేది కాదు. పైగా ఇంట్లో దాన్ని వాడుకలోకి తెచ్చింది. పప్పులో ఉప్పు తగ్గిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. మీ తువ్వాలు మంచం మీదే పడి ఉందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. చిన్మయి కూడా నేర్చుకుంది, హోంవర్కు చేశావా అంటే, చేశానని కొందరు చరిత్రకారుల అభిప్రాయం అని పారిపోయేది.

ఇదంతా నేను తలుచుకుంటున్నానో, ఆమెకు చెబుతున్నానో తెలియడం లేదు, ఎందుకంటే ఆమె మధ్యమధ్య తల ఊపుతోంది, ఊపుతూనే లేచి నిలబడింది, నిలబడేసరికి మా ఇద్దరి మధ్యా ఇనుప జాలీ వచ్చింది, జాలీ కింద చెయ్యి పట్టేంత సందు ఉంది, అటు హైమ పోస్టాఫీసు కుర్చీలో కూర్చుని ఉంది, ఇటు నేను వరసలో నిలబడి ఉన్నాను. లక్క కరిగిన వాసన. నా వెనక మా పదో తరగతి పిల్లలు గుడ్డ చుట్టిన పార్సిళ్ళు పట్టుకుని అల్లరి చెయ్యకుండా నిలబడ్డారు, అంత బుద్ధిగా వాళ్ళు నా క్లాసులో ఎప్పుడూ లేరు. కౌంటరు మూసే వేళవుతుందేమోనని నాకు బెంగగా ఉంది. గోడ గడియారం వైపు చూద్దామంటే అది ఉండాల్సిన చోట క్యాలెండరు ఉంది, క్యాలెండరులో అన్నీ ఆదివారాలే.

"మీ తర్వాత వాళ్ళను పంపించండి మాస్టారూ, మీ పనికి టైం పడుతుంది" అంటుంది హైమ, ఆఫీసులో పరాయివాళ్ళతో మాట్లాడే గొంతుతో, కానీ కళ్ళతో నవ్వుతూ.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పార్సిలు ఇస్తున్నారు. ఆమె ఒక్కోదాన్నీ చేతుల్లోకి తీసుకుని, తూకం వెయ్యకుండానే, ఊడిన కుట్టు ఉంటే దబ్బనం తీసి రెండు కుట్లు వేసి, ముడి పెట్టి, కొస కత్తిరించకుండా వదిలేస్తోంది. ఆమె ఎప్పుడూ అంతే. ముసలమ్మలు పచ్చళ్ళ డబ్బాలు కుట్టించుకోవడానికి ఆమె కౌంటరుకే వస్తారు, ఆమె కుట్టిన ప్రతి పార్సిలుకూ జానెడు కొస వేలాడుతూ ఉంటుంది, అందుకున్నవాళ్ళు లాగి విప్పుకోవడానికి పట్టు ఉండాలంటుంది.

పిల్లలందరూ వెళ్ళిపోయాక ఆమె జాలీ దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది. పాలవాడి చీటీ ఎవరు చూస్తున్నారు, మీ ఎడమకాలి మడమ నొప్పి తగ్గిందా, చలికాలం రగ్గులు ఎండలో వేశారా. నేను అన్నిటికీ జవాబు చెబుతున్నాను, ఊళ్ళో లేని మనిషి ఫోను చేసినప్పుడు చెప్పినట్టు.

"చిన్నికి జడలు ఎవరేస్తున్నారు?"

"నేనే వేస్తున్నాను."

"చూశాలెండి. ఎడమది బడికి వెళ్ళేలోపే జారిపోతోంది. పాయలు సమంగా తియ్యాలి, తొందరపడకూడదు. నల్లబల్ల మీద గీతలు అంత చక్కగా గీస్తారు, జడ దగ్గరికి వచ్చేసరికి ఏమవుద్దో."

"అది కదులుతుంది."

"పదమూడేళ్ళు వస్తున్నాయి, కదలదా మరి." ఆమె నా భుజం మీదుగా ఎటో చూస్తుంది, బహుశా ఆ వైపు మా ఇల్లు ఉంది. "ఏమన్నా మాట్లాడుద్దా మీతో?"

తక్కువే మాట్లాడుతుందని చెబుతాను. పొద్దున నాకంటే ముందే లేచి బియ్యం నానబెడుతోందని, అన్నం తింటూ ఆమె కూర్చునే కుర్చీ వైపు ఇద్దరమూ చూడకుండా ఉంటామని, ఎవరం ముందు చూస్తే రెండోవాళ్ళు లేచి మంచినీళ్ళకు వెళ్ళాల్సి వస్తుందని చెప్పను. కానీ ఆమె విన్నట్టే ఉంది. జాలీ సందులోంచి చెయ్యి బయటకు పెట్టి నా చొక్కా చేతి మడత సరిచేస్తుంది.

"బ్యాగు పట్టీ కుట్టించారా?"

స్టేషను దగ్గర చెప్పులు కుట్టే అతను ఉన్నాడు, వెళ్ళేటప్పుడు ఇచ్చి వచ్చేటప్పుడు తీసుకోవడమే, ఆ సంగతి ఆమె చాలాసార్లు గుర్తు చేసింది. ఇప్పుడు ఆ బ్యాగు మా పడకగదిలో మేకుకు వేలాడుతోంది, తెగిన పట్టీతో, లోపల ఆమె సగం పుస్తకంతో, ఆమె పోస్టాఫీసు నుంచి చివరిసారి వచ్చి తగిలించినప్పుడు ఎలా ఉందో అలాగే. దాన్ని ఎవరమూ దించలేదు. గది ఊడ్చేటప్పుడు చిన్మయి దాని కిందికి వచ్చేసరికి చీపురు నెమ్మది చేస్తుంది.

"ఇదిగో, రేపు" అంటాను.

"మీ రేపులకు ఒక శకం పెట్టాలి" అంటుంది.

నవ్వొస్తుంది నాకు. నవ్వితే లక్క వాసన పోయి సుద్ద వాసన వస్తుంది, జాలీ నల్లబల్ల అయి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంటుంది, ఇది మా బడిలో కిటికీ తలుపు ఊడిన గది. చేతిలో ఇందాకటి సుద్దముక్క ఉంది. హైమ ఆడపిల్లల వైపు ఆఖరి బెంచీలో ఒక్కతే కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చెప్పండి మరి అన్నట్టు చూస్తోంది.

"నువ్వు చెప్పాలి ముందు" అంటాను. "మొదటి సగం నీది."

"ఈసారి చివర్నుంచి చెప్పుకుందాం. ఎప్పుడూ నేనే ముందా?"

"నాకేమీ గుర్తులేదు హైమా. రెండు నెలల నుంచి పుస్తకం ముందు పెట్టుకుంటున్నాను, ఒక్క అక్షరం లోపలికి పోవడం లేదు. అందుకే రేపు..."

"రేపటి సంగతి తర్వాత. నా సగంలో రుద్రమ ఇంకా గుర్రం మీదే ఉంది. అక్కడ ఆపి వచ్చాను. తర్వాత ఏమయింది?"

చెప్పబుద్ధి కాదు. ఆమె సగంలో రాజ్యాలన్నీ పుడుతున్నాయి, కోటలు లేస్తున్నాయి, అందరూ బతికే ఉన్నారు. పడిపోవడాలన్నీ నా వంతుకు వచ్చాయి. ఆఖరి బెంచీలో అంత కుతూహలంగా కూర్చున్న మనిషికి ఓరుగల్లు కోట గురించి ఎలా చెప్పను. సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతూ, ఇది పెద్ద బాగుండే కథ కాదు అంటాను.

"బాగుండకపోతే మార్కులు వెయ్యరా? చెప్పండి."

సరే, ప్రతాపరుద్రుడు అని మొదలుపెడతాను. రుద్రమ మనవడు. ఢిల్లీ సేనలు ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చాయి, ప్రతిసారీ ఏదో ఇచ్చి పంపించారు, ఆఖరిసారి పంపించలేకపోయారు, రాజును పట్టుకుని ఢిల్లీ తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున ప్రాణం పోయింది. అంటూనే ఆమె ముఖం వైపు చూస్తాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఊఁ. తర్వాత?"

తర్వాత నాయకులు కూడుకున్నారు, పోయిన కోట తిరిగి పట్టుకున్నారు. తర్వాత? తర్వాత ఈ పక్క మన అద్దంకిలో రెడ్లు లేచారు. అద్దంకి నుంచి కొండవీడుకు వెళ్ళారు. రైల్లో కిటికీలోంచి నువ్వు చూపిస్తావు చూడు, అదేనా కాదా అని మనం ఎప్పుడూ పోట్లాడుకునే ఆ కొండ. "అదే, నేను చెప్పలేదూ" అంటుంది బెంచీలోంచి. అది కాదు, దానికి పక్కది అంటాను. కొండవీడును తర్వాత గజపతులు తీసుకున్నారు, వాళ్ళ దగ్గర్నుంచి కృష్ణరాయలు తీసుకున్నాడు, చెబుతుంటే నా గొంతు నాకే వినబడుతోంది, బడిలో మంచి రోజున పలికే గొంతు, సుద్ద నల్లబల్ల మీద తనంత తాను నడుస్తోంది, కోటలూ నదులూ బాణం గుర్తులూ వేసుకుంటూ పోతోంది, విజయనగరం, దాని తర్వాత గోలకొండ, ఆ తర్వాత సముద్రం మీద ఓడలు, మచిలీపట్నంలో తెల్లవాళ్ళ కొట్లు. బల్ల చాలక గోడ మీదికి వెళ్ళాను, గోడ చాలక కిటికీ పక్కకు వచ్చాను, కిటికీ బయట పొలాలు ఇప్పుడు కదలకుండా నిలబడి వింటున్నాయి. ఒక్కోచోట ఆగి ఆమె వైపు చూస్తే, ఆమె "తర్వాత?" అంటుంది, తర్వాత ఏదో ఒకటి ఉంటూనే ఉంది.

సుద్దముక్క అరిగిపోయి వేలు గోడకు తగిలినప్పుడు ఆగుతాను.

"అయితే అయిపోలేదన్నమాట" అంటుంది హైమ.

"పుస్తకం అయిపోతుంది."

"అది సరేలెండి, కాగితం ఖర్చు." లేచి బెంచీల మధ్య నుంచి నా దగ్గరకు వస్తుంది. నడుస్తుంటే చెప్పుల చప్పుడు లేదు. ఎప్పటిలాగే పైట కొంగుతో నా ముంజేతి మీద సుద్ద దులిపి, "వచ్చుగా మరి. రాదన్నారేం?" అంటుంది.

పట్టుబడిన పిల్లవాడు నేల వంక చూసినట్టు చూస్తున్నాను. నేల మీద గడప ఉంది, గడప అవతల మా వంటిల్లు ఉంది, గట్టు మీద సగం తరిగిన బీరకాయలు, వాటి పక్కన ఆమె కత్తిపీట, అంటే చెప్పుకునే వేళ అయిందన్నమాట. ఆమె పీట వాల్చుకుని కూర్చుంటుంది. నేను తలుపుకు ఆనుకుంటాను. ఇంట్లో నేను నిజం చెప్పేది ఈ తలుపు దగ్గరే.

"పాఠాలు రావని కాదు" అంటాను. "నా సగంతో పాసు కావచ్చు. ఆ సంగతి నాకూ తెలుసు."

"మరి?"

"పరీక్షకు వెళ్ళాలంటే నీ సగం కూడా చూసుకోవాలి. రైల్లోనైనా. బ్యాగు దించాలి, పుస్తకం బయటికి తియ్యాలి." ఇంకా చెప్పాలి, చెప్పడం కష్టంగా ఉంది, ఆమె చేతిలో బీరకాయ ఆగి ఉంది. "దాన్ని చదవనంత కాలం నువ్వు నాకు చెప్పాల్సింది ఇంకా ఉంది. చదివేస్తే ఇక ఏమీ ఉండదు."

జరిగిపోయినవాటి మాటలు రాకుండా ఇంతసేపు చూసుకున్నవాణ్ణి, చివరికి చెప్పకనే చెప్పేశాను. తలెత్తి చూస్తే ఆమె నా వంకే చూస్తోంది. ఆశ్చర్యమేమీ లేదు ఆ చూపులో.

"నాకు తెలుసులెండి" అంటుంది మెల్లగా. "మీరు మాటలు ఏరుకుంటుంటేనే అర్థమైంది."

పక్కింట్లో ఎవరో బావిలో చేద వేసిన చప్పుడు. మా వీధిలో బావి లేదు.

"ఆ పుస్తకం నేను రాశానా?" అంటుంది. "శాతవాహనులను నేనేమన్నా పెంచానా? ఎవరో పెద్దమనిషి రాశాడు, అవి ఎవరన్నా చదువుకోవచ్చు. నేను మీకు చెప్పేవి అందులో ఎందుకుంటాయి?"

"నువ్వు చెప్పేవి ఏంటి మరి?"

"ఇందాకటి నుంచి చెబుతూనే ఉన్నాగా. పాయలు సమంగా తియ్యండి. రగ్గులు ఎండలో వెయ్యండి. ఆ పట్టీ కుట్టించండి."

ఆమె మళ్ళీ బీరకాయ చెక్కు తీస్తోంది. నాకు ఆ కత్తిపీట చప్పుడు వింటూ ఎంతసేపైనా నిలబడాలని ఉంది. కానీ చెక్కు తీసేకొద్దీ బీరకాయ పొడుగవుతోంది, పొడుగై పురికొస అయి ఆమె ఒళ్ళో చుట్టలు చుట్టుకుంటోంది, కింద నేల సన్నగా అదురుతోంది, రైలు కదిలే ముందు అదిరినట్టు. తొందరగా అడగాలి.

"ఒక్కటి చెప్పు. ఏమని వాళ్ళ అభిప్రాయం?"

"ఎవరి?"

"కొందరు చరిత్రకారులది."

ఆమె నవ్వుతుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పెళ్ళయిన కొత్తలో మా అమ్మ ముందు నవ్వాల్సి వచ్చినప్పటిలా. "బ్యాగులో ఉంది. చూసుకోండి."

"ముట్టుకోకూడదన్నావు."

"నియమం పెట్టింది నేను. ఎత్తేస్తున్నది నేను. మధ్యలో మీకేంటి?"

ఇద్దరం మళ్ళీ రైల్లో ఉన్నాం, నేను కూర్చుని ఉన్నాను, ఆమె నా పక్కన నిలబడి ఉంది, నల్ల బ్యాగు నా భుజానికి ఉంది, ఆమె దబ్బనంతో దాని పట్టీ కుడుతోంది, భుజం మీద ఉండగానే, బడికి టైమైనప్పుడు చిన్మయి గౌనుకు గుండీ కుట్టినట్టు. కదలకండి, గుచ్చుకుంటుంది అంటోంది. దబ్బనం గుడ్డలోంచి దిగి పైకి వచ్చినప్పుడల్లా ఆమె వేళ్ళు నా మెడ పక్కన తగులుతున్నాయి. కుట్టు కుట్టుకూ రైలు వేగం అందుకుంటోంది, ఈసారి పొలాలు ఆగి ఉన్నాయి, మేమే పోతున్నాం. చివరి ముడి వేసి పళ్ళతో బిగించింది. కొస నా మణికట్టు మీద పడింది. కత్తిరించబోతుందేమోనని చూశాను, దబ్బనం కొంగుకు గుచ్చుకుని చేతులు దులుపుకుంది.

"దిగుతావా?" అంటాను.

"నా స్టేషను రావాలిగా" అంటుంది, కానీ తలుపు వైపు నడుస్తూనే ఉంది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, ఏదో ఇంటి పని గుర్తొచ్చినట్టు, "చిన్నిని లేపండి. లేకపోతే అదే మిమ్మల్ని లేపుద్ది" అంటుంది.

తలుపు అవతల చాలా వెలుతురు ఉంది, ఆ వెలుతురు మెల్లగా పెట్టెలోకి వచ్చి, సీటు మీదికి వచ్చి, నా కళ్ళ మీదికి వచ్చి, మా పడకగది కిటికీలోంచి వచ్చే పొద్దుటి వెలుతురు అవుతుంది.

ఎదురుగా గోడ ఉంది. గోడకు మేకు ఉంది. మేకుకు ఏమీ లేదు.

కాసేపు అలాగే చూస్తూ పడుకుంటాను. మేకు కింద సున్నం మీద బ్యాగు ఆనుకున్నంత మేర గోడ కొంచెం తెల్లగా ఉంది. వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది, ఆవాలు కొంచెం మాడిన పోపు. లేచి ముందుగదిలోకి వస్తే, తలుపు పక్కన కుర్చీలో నల్ల బ్యాగు ఉంది. పైన నా హాల్ టికెట్టు, ఎగిరిపోకుండా దాని మీద పెన్నుల పెట్టె. జిప్పు తీసి ఉంది. లోపల ఆమె సగం, నా సగం, పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి.

చిన్మయి వంటింట్లోంచి వచ్చింది. యూనిఫారం వేసుకుంది, కుడివైపు జడ తనే వేసుకుంది, ఎడమవైపు జుట్టు విరబోసి ఉంది, రిబ్బను పళ్ళతో పట్టుకుంది. నా ముందుకు వచ్చి వెనక్కి తిరిగి నిలబడింది, రిబ్బను చేతిలోకి తీసుకుని, నా ముఖం చూడకుండా అంది.

"పాసింజరు ఇవ్వాళ టైముకే వస్తుందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం నాన్నా. పులిహోర పెట్టాను, కొంచెం మాడింది."

ఆ మాట ఈ ఇంట్లో వినబడి చాలా రోజులైంది. చెబుదామనుకున్న మాట, ఈ ఏడాదికి వద్దులే అమ్మా అన్నది, ఇక చెప్పలేదు. దువ్వెన తీసుకుని పాయలు తీశాను. మూడూ సమంగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ తీశాను. చిన్మయి కదల్లేదు.

రిబ్బను కట్టాక బ్యాగు అందుకున్నాను. తెగిన పట్టీ కుట్టి ఉంది, పార్సిళ్ళ పురికొసతో, ఒక కుట్టు పెద్దది, ఒకటి చిన్నది, రెండు చోట్ల తప్పు పోయి మళ్ళీ వేసినట్టున్నాయి. రాత్రి నేను పడుకున్నాక కుట్టి ఉంటుంది. ముడి దగ్గర జానెడు కొస వేలాడుతోంది.

"కొస కత్తిరించలేదేమ్మా?"

చిన్మయి నా వైపు తిరిగింది, అంత తెలిసిన విషయం అడుగుతానేంటన్నట్టు.

"అమ్మ కత్తిరించదుగా" అంది.

పట్టీ భుజానికి వేసుకున్నాను. పురికొస జారి మణికట్టు మీద పడింది.